మణికట్టు మీది డైవ్ కంప్యూటర్: వాడుక, మొరాయింపులు, ఇంటివారు తెలుసుకోవలసినవి

చెన్నై నగరానికి దక్షిణాన సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, తూర్పు తీర రహదారి వెంబడి కోవళం అనే మత్స్యకార గ్రామం ఉంది. చెన్నై నుంచి కోవళం దాకా సాగే ఈ తీరంలో కొన్నేళ్లుగా స్కూబా శిక్షణ, అనగా గాలి సిలిండర్‌ను వీపున ధరించి నీటి అడుగున సంచరించే విద్య, వ్యాప్తిలోకి వచ్చింది. సూళ్లూరుపేట, తడ, సత్యవేడు, నగరి, గుమ్మిడిపూండి ప్రాంతాల కుటుంబాలకు చెన్నై పొరుగూరు వంటిదే. చదువుకో, కొలువుకో అక్కడ నివసించే పిల్లలు సెలవు దినాన ఈ విద్యను అభ్యసించి, ఆ సాయంత్రమే రైలెక్కి ఇంటికి చేరడం అసాధ్యమేమీ కాదు. అలా వచ్చినవారి మణికట్టుపై గడియారం కంటె కొంచెం పెద్దదైన ఒక పరికరం కనబడవచ్చు. దానినే డైవ్ కంప్యూటర్ అంటారు. అది చెప్పే సంగతులేమిటో, చెప్పలేనివేమిటో ధరించినవారితోపాటు ఇంటివారు కూడా ఎరిగి ఉండటం అవసరం. ఎందుకంటే సముద్రంలో జరిగిన పొరపాటు తాలూకు బాధ కొన్ని సందర్భాలలో ఇల్లు చేరిన తరువాతనే బయటపడుతుంది.

గోలీ సోడా చెప్పే పాఠం

సముద్రంలో ప్రతి పది మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం చొప్పున అదనంగా చేరుతుంది. ఒడ్డున మనిషిపై ఉండే పీడనం ఒకటి అనుకుంటే, పది మీటర్ల లోతున రెండు, ఇరవై మీటర్ల వద్ద మూడు, ముప్పై మీటర్ల వద్ద నాలుగు అవుతుంది. సిలిండర్ నుంచి పీల్చే గాలి కూడా ఆ లోతుకు తగిన పీడనంతోనే ఊపిరితిత్తులను చేరుతుంది. గాలిలో దాదాపు 78 శాతం నత్రజని. దేహం దానిని వినియోగించుకోదు. పీడనం పెరిగే కొద్దీ అది రక్తంలోను, కండరాలలోను, కొవ్వులోను అధికంగా కరిగి నిలుస్తుంది.

దీనిని గ్రహించడానికి గోలీ సోడా కంటె మంచి ఉదాహరణ లేదు. సీసా మూసి ఉన్నంతసేపు నీరు నిర్మలంగా కనిపిస్తుంది. గోలీని లోపలికి నొక్కగానే పీడనం ఒక్కసారిగా తగ్గి, నీటిలో కరిగి ఉన్న వాయువు బుడగలై పొంగుతుంది. లోతు నుంచి వడిగా పైకి వచ్చిన మనిషి దేహంలోనూ నత్రజని ఇదే విధంగా బుడగలు కట్టవచ్చు. ఆ బుడగలు కీళ్లలో నిలిస్తే నొప్పి, వెన్నుపాములో నిలిస్తే చచ్చుబాటు, మెదడులో నిలిస్తే అంతకంటె పెద్ద ప్రమాదం కలుగుతాయి. ఈ రుగ్మతకు డీకంప్రెషన్ వ్యాధి అని పేరు. వాడుకలో దీనిని బెండ్స్ అంటారు.

ఇక్కడ ఒక సందేహం సహజం. పల్లెలో దిగుడుబావులలో తరతరాలుగా మునిగి తేలుతున్న గజ ఈతగాళ్లకు ఈ జబ్బు ఎందుకు రాలేదు? వారు ఒడ్డున పీల్చిన ఒక్క గుక్క గాలితోనే మునిగి, ఒకటి రెండు నిమిషాలలో పైకి వస్తారు. లోతున కొత్త గాలి పీల్చరు కనుక కరిగే నత్రజని అత్యల్పం. స్కూబాలో అరగంట, ముప్పావు గంట సేపు అధిక పీడనపు గాలిని పీలుస్తూనే ఉంటారు. బావి ఈతలో మెళకువ అయిన ఊపిరి బిగబట్టడం స్కూబాలో ప్రాణాంతకం కూడా కాగలదు. పది మీటర్ల లోతున నిండుగా పీల్చిన గాలి ఒడ్డుకు వచ్చేసరికి రెండింతలుగా వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చగలదు. అందుచేత బావిలో ఆరితేరినవారైనా స్కూబాను మొదటి పాఠం నుంచి నేర్చుకోవలసిందే.

పట్టికల నుంచి మణికట్టు దాకా

ఈ వ్యాధిని మనుషులు మొదట విరివిగా చూసింది సముద్రంలో కాదు, వంతెనల పునాదులలో. న్యూయార్కులోని బ్రూక్లిన్ వంతెన కోసం నదీగర్భంలో గాలి నింపిన పేటికలలో పనిచేసిన కూలీలు పైకి రాగానే కీళ్ల నొప్పులతో మెలికలు తిరిగారు. ప్రధాన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ సైతం 1872లో దీని బారినపడి మంచం పట్టాడు. 1883లో వంతెన పూర్తయ్యే వరకు ఆయన ఆదేశాలను పనివారికి అందజేసి నిర్మాణాన్ని ముందుకు నడిపినది ఆయన భార్య ఎమిలీ.

బ్రిటిష్ శాస్త్రవేత్త జాన్ స్కాట్ హాల్డేన్ మేకలపై పీడన గదిలో ప్రయోగాలు జరిపి, సహచరులతో కలిసి 1908లో మునకల పట్టికలను ప్రకటించాడు. దేహంలోని కణజాలాలన్నీ ఒకే వేగంతో నత్రజనిని గ్రహించవనీ, ఒకే వేగంతో విడువవనీ ఆయన వివరించాడు. రక్తప్రసరణ అధికంగా ఉండే భాగాలు త్వరగా నిండి త్వరగా ఖాళీ అవుతాయి. మిగిలినవి నెమ్మదిగా నిండి నెమ్మదిగా ఖాళీ అవుతాయి. ఆ తరువాత స్విట్జర్లాండులో ఆల్బర్ట్ బూల్మాన్ ఈ లెక్కను విస్తరించి దేహాన్ని 16 ఊహాత్మక భాగాలుగా విభజించాడు. నేటి కంప్యూటర్లలో అనేకం ఆయన సూత్రాన్నే అనుసరిస్తున్నాయి. 1983లో అమెరికాలో ఎడ్జ్ అనే పరికరం విపణిలోకి వచ్చాక, కాగితపు పట్టికలు చేసే పనిని యంత్రం నీటిలోనే చేయడం మొదలైంది.

పట్టిక ప్రకారం ఎంత లోతుకు వెళితే అంత లోతునే మునక అంతా గడిపినట్లు లెక్క. కంప్యూటర్ అలా కాక కొన్ని క్షణాలకొకసారి లోతును కొలిచి, ఆ క్షణానికి దేహంలో ఉండగల నత్రజనిని కొత్తగా గణిస్తుంది. అందువలన అనుమతించే సమయం హెచ్చుతుంది. అయితే ఒక సత్యాన్ని మరువరాదు. ఆ పరికరంలో ఉన్నవి పీడనాన్ని కొలిచే గ్రాహకం, కాలాన్ని కొలిచే గడియారం, ఒక గణిత సూత్రం మాత్రమే. ధరించినవారి రక్తాన్ని అది పరీక్షించదు. అది చూపేది అంచనా.

తెరపై కనిపించే అంకెలు

నమూనాలు వేరైనా ముఖ్యాంశాలు దాదాపు సమానం. డెప్త్ అనగా ఆ క్షణాన ఉన్న లోతు. దాని పక్కనే ఆ మునకలో చేరిన గరిష్ఠ లోతు ఉంటుంది. డైవ్ టైమ్ అనగా నీటిలో గడిచిన సమయం. అన్నిటికంటె ముఖ్యమైనది నో డెకో లేదా ఎన్.డి.ఎల్. అనే అంకె. ఆ లోతులో ఇంకా ఎన్ని నిమిషాలు ఉంటే మధ్యలో తప్పనిసరిగా ఆగవలసిన పని లేకుండా పైకి రావచ్చునో అది తెలుపుతుంది. లోతు పెరిగే కొద్దీ ఈ నిమిషాలు త్వరగా కరిగిపోతాయి. పాడీ సంస్థ పట్టిక ప్రకారం, మొదటి మునకకు 18 మీటర్ల లోతున 56 నిమిషాలు, 30 మీటర్ల లోతున 20 నిమిషాలు మాత్రమే గరిష్ఠ పరిమితి. కంప్యూటర్లు చూపే అంకెలు ఆయా సూత్రాలను బట్టి కొంత భిన్నంగా ఉంటాయి.

నో డెకో సున్నాకు చేరితే తెరపై డెకో లేదా స్టాప్ అనే గుర్తు, ఆగవలసిన లోతు, ఆగవలసిన నిమిషాలు వస్తాయి. ఆ లోతును దాటి పైకి రావడం నిషిద్ధం. వినోదం కోసం మునిగేవారు ఈ స్థితికి చేరకుండానే తిరుగుముఖం పట్టాలి. పైకి వచ్చే వేగాన్ని చూపే గీతలు మరొక ముఖ్యాంశం. నిమిషానికి 9 మీటర్లకు మించని వేగం శ్రేయస్కరం. తన బుడగలలో అతి చిన్నదాని కంటె నెమ్మదిగా పైకి రావడం పాతకాలపు కొండగుర్తు. ఒడ్డుకు వచ్చాక డీశాట్ అనే అంకె నత్రజని పూర్తిగా విడుదల కావడానికి పట్టే గంటలను, విమానం బొమ్మ లేదా నో ఫ్లై అనే మాట విమానయానం కూడని గంటలను చూపుతాయి.

నీటిలో దిగడానికి ముందు

మొదటగా బ్యాటరీ గుర్తు చూడాలి. సందేహాస్పదంగా ఉంటే ఆ దినం దిగరాదు. తరువాత పరికరం ఏ రీతిలో ఉన్నదో సరిచూసుకోవాలి. సిలిండరులో మామూలు గాలి ఉంటే ఎయిర్ లేదా 21 శాతం ఆక్సిజన్ అని ఉండాలి. నైట్రాక్స్ అనే అధిక ఆక్సిజన్ మిశ్రమం ఉంటే, విశ్లేషణ యంత్రంతో తాము స్వయంగా కొలిచిన శాతాన్నే అందులో నమోదు చేయాలి. కొన్ని నమూనాలు కొంత వ్యవధి తరువాత పాత అమరికకు తిరిగిపోతాయి కనుక ప్రతి మునకకు ముందు దీనిని చూడటం అవసరం. గాలిని పీలుస్తూ పరికరంలో 32 శాతం అని ఉంచితే, యంత్రం నత్రజనిని తక్కువగా లెక్కించి లేని భద్రతను చూపుతుంది. నిజంగా 32 శాతం మిశ్రమాన్ని పీల్చేవారు సుమారు 33 మీటర్లను దాటరాదు. దాటితే ఆక్సిజనే విషమై మూర్ఛ కలగవచ్చు.

గేజ్, ఫ్రీ డైవ్ అనే రీతులు కూడా ఉంటాయి. గేజ్ రీతిలో యంత్రం లోతును, కాలాన్ని మాత్రమే చూపి నత్రజని లెక్కను విడిచిపెడుతుంది. ఫ్రీ డైవ్ ఊపిరి బిగబట్టి మునిగేవారి కోసం ఉద్దేశించినది. స్కూబాకు ఈ రెండూ పనికిరావు. ఉప్పు నీరా, మంచి నీరా అనే అమరికలో పొరపాటు జరిగితే లోతు అంకె రెండు మూడు శాతం అటూ ఇటూ అవుతుంది. అసలు లెక్క పీడనంపై ఆధారపడేది కనుక అది అంత ప్రమాదకరం కాదు.

ఒకరి కంప్యూటర్‌ను మరొకరు ధరించరాదు. ఉదయపు మునకలో అన్న ధరించినదానిని మధ్యాహ్నం తమ్ముడికి ఇస్తే, అందులో ఉన్నది అన్న దేహపు లెక్క. తమ్ముడి దేహం గురించి దానికి ఏమీ తెలియదు. ఇద్దరు కలిసి దిగి ఒకే కంప్యూటర్‌ను నమ్ముకోవడమూ తగదు. ఒక మీటరు లోతు తేడా సైతం లెక్కను మార్చుతుంది. ఇక పరిచయ మునకకు వెళ్లే యాత్రికులకు సాధారణంగా కంప్యూటర్ ఇవ్వరు. లోతు 12 మీటర్లకు మించదు. ఆ లెక్కను శిక్షకుడే చూసుకుంటాడు. శిక్షకుని చేతికి ఆ పరికరం ఉన్నదో లేదో చూడటం, లేకపోతే అడగటం కుటుంబ పెద్దల హక్కు.

మొరాయించినప్పుడు

నీటిలో ఉండగా తెర ఆరిపోతే లేదా అంకెలు నిలిచిపోతే మునక ముగిసినట్లే. తోటివారికి సైగ చేసి, వెంటనే అయినా నెమ్మదిగా పైకి రావాలి. 5 మీటర్ల లోతున కనీసం 3 నిమిషాలు, గాలి తగినంత ఉంటే ఇంకొంత సేపు ఆగి ఒడ్డుకు చేరాలి. ఆ తరువాత 24 గంటలు మళ్లీ దిగరాదు. ఈ కారణం చేతనే అనుభవజ్ఞులు కంప్యూటర్‌తోపాటు సాధారణ గడియారాన్ని, లోతు మాపకాన్ని కూడా వెంట ఉంచుకుంటారు. ఇతర లోపాలు ఇలా ఉంటాయి.

తెర వెలగకపోవడం: అధికంగా బ్యాటరీ లోపమే. నాణెం ఆకారపు బ్యాటరీలలో సి.ఆర్. 2032, సి.ఆర్. 2450 రకాలు తరచు కనిపిస్తాయి. మూత తీసినప్పుడు నీరు చొరకుండా ఆపే ఓ-రింగు అనే రబ్బరు వలయాన్ని పరిశీలించాలి. ఒక వెంట్రుక, ఒక ఇసుక రేణువు దానిపై ఉన్నా నీరు లోపలికి పోతుంది. తయారీదారు సూచించిన గ్రీజును పలుచగా రాయాలి. కొన్ని నమూనాలలో బ్యాటరీ తీస్తే అప్పటి వరకు ఉన్న నత్రజని లెక్క చెరిగిపోతుంది. కనుక రెండు మునకల మధ్య బ్యాటరీ మార్చరాదు. తప్పనిసరి అయితే ఒక రోజు ఆగి దిగాలి.

ఒడ్డున ఉన్నా ఆరకపోవడం: అనేక నమూనాలకు నీరు తగలగానే మేలుకొనే లోహపు బిందువులు ఉంటాయి. చెమట, తేమ, ఉప్పు పొర వాటిపై నిలిస్తే యంత్రం తాను నీటిలోనే ఉన్నానని భావించి బ్యాటరీని ఖర్చు చేస్తుంది. మంచి నీటితో కడిగి, మెత్తని గుడ్డతో తుడిచి ఆరబెడితే సరిపోతుంది.

లోతు తప్పుగా చూపడం: పక్కవారి కంప్యూటర్‌తో అర మీటరు తేడా సహజం. అంతకు మించి తేడా ఉన్నా, ఒడ్డున ఉండగా లోతు అంకె చూపినా పీడన గ్రాహకపు రంధ్రంలో ఇసుకో ఉప్పో గడ్డకట్టి ఉండవచ్చు. గోరువెచ్చని మంచి నీటిలో నానబెట్టాలి. సూదితో పొడవడం, సిలిండర్ గాలిని ఆ రంధ్రంలోకి వదలడం చేస్తే గ్రాహకం శాశ్వతంగా చెడిపోతుంది.

గాజు లోపల ఆవిరి: ఇది చిన్న లోపం కాదు. తడిసిన సెల్‌ఫోనును బియ్యంలో పెట్టినట్లు దీనిని పెట్టి, ఆరింది కదా అని మళ్లీ వాడరాదు. నీరు చొరబడిన దారి అలాగే ఉంటుంది. సర్వీసు కేంద్రంలో వలయం మార్పించి, పీడన పరీక్ష చేయించాలి.

ఇద్దరి కంప్యూటర్లు వేర్వేరు నిమిషాలు చూపడం: ఇది లోపం కాదు. సూత్రాలు, జాగ్రత్త స్థాయిలు వేరు. తక్కువ నిమిషాలు చూపుతున్నదానినే ఇద్దరూ అనుసరించాలి.

తాళం పడటం: ఆగవలసిన చోట ఆగకుండా పైకి వస్తే కొన్ని నమూనాలు 24 నుంచి 48 గంటల వరకు లెక్క చేయడం మానివేస్తాయి. యంత్రం చెడిపోయిందని భావించి వేరొకటి అద్దెకు తీసుకొని దిగడం అవివేకం. ఆ తాళం ధరించినవారికి యంత్రం చేస్తున్న హెచ్చరిక.

సిలిండర్ గాలి అంకె కనిపించకపోవడం: గొట్టం లేకుండా సంకేతం ద్వారా గాలి పరిమాణాన్ని చూపే నమూనాలలో ప్రేషకం బ్యాటరీ తగ్గినా, జత తప్పినా ఇలా జరుగుతుంది. సాధారణ పీడన మాపకం కూడా ఉంటే దానిని చూసి మునకను ముగించవచ్చు.

కంప్యూటర్‌కు తెలియని సంగతులు

రాత్రి నిద్ర లేదని, ముందురోజు మద్యం సేవించారని, చెన్నై ఎండలో నీళ్లు తాగక దేహం ఎండిపోయిందని ఈ యంత్రానికి తెలియదు. స్థూలకాయం, పైబడిన వయస్సు, పాత గాయం, నీటిలో ప్రవాహానికి ఎదురీది అలసిపోవడం సైతం దాని లెక్కకు అందవు. ఇవన్నీ డీకంప్రెషన్ వ్యాధి అవకాశాన్ని పెంచేవే. యంత్రం చూపిన పరిమితికి లోబడి మునిగినవారికి కూడా అరుదుగా ఈ వ్యాధి వస్తుంది. కంప్యూటర్‌లో అంతా సక్రమంగానే ఉంది కాబట్టి ఇది ఆ జబ్బు కాదు అనే వాదన చెల్లదు.

ఓడరేవులలో ఓడల అడుగుభాగం శుభ్రపరచడం, వంతెన స్తంభాల మరమ్మత్తు వంటి వృత్తి మునకలకు ఈ పరికరమొక్కటే చాలదు. అక్కడ పైనుంచి గొట్టం ద్వారా గాలి, మాట్లాడే తీగ, పర్యవేక్షకుడు, సిద్ధంగా మరొక డైవర్ ఉండటం ఉత్తమ పద్ధతి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద మునిగిన రాయల్ వశిష్ట పడవను అక్టోబరు 22న వెలికితీసిన పనిలో విశాఖపట్నం డైవర్లు పాల్గొన్నారు. మసక నీరు, వడిగల ప్రవాహం, లోతు కలిసిన చోట ఆ పని ఎంత కఠినమో తెలుగువారు అప్పుడు గమనించారు. ఏర్పాట్లేవీ లేకుండా చేతికి ఒక కంప్యూటర్ తగిలించి కూలికి దింపే యజమాని వద్ద పిల్లలను పనికి పంపే ముందు పెద్దలు ఆలోచించాలి.

ఇక్కడే మరొక సందేహానికి సమాధానం చెప్పుకోవచ్చు. చెన్నై పళ్లికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపొందించిన మత్స్య 6000 జలాంతర వాహనానికి 2025 ఆరంభంలో కాట్టుపళ్లి రేవులో పరీక్షలు జరిగాయి. ఆరు వేల మీటర్ల లోతుకు ఉద్దేశించిన ఆ వాహనంలోని వారికి ఈ వ్యాధి భయం లేదు. టైటానియం గోళం లోపల ఒడ్డున ఉండే పీడనమే ఉంటుంది. ముప్పై మీటర్లు దిగే స్కూబా డైవర్‌కు అటువంటి కవచం లేదు.

మునక మరునాడే తిరుమల వెళ్లవచ్చునా?

సరిహద్దు కుటుంబాలు తప్పక గుర్తుంచుకోవలసిన అంశమిది. ఎత్తు పెరిగే కొద్దీ గాలి పీడనం తగ్గుతుంది. దేహంలో మిగిలి ఉన్న నత్రజనికి అది గోలీ నొక్కడం వంటిదే. అమెరికాలోని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ నిర్వహించిన సదస్సు 2002లో చేసిన సూచనల ప్రకారం, ఒకే మునక చేసినవారు కనీసం 12 గంటలు, పలు మునకలు చేసినవారు కనీసం 18 గంటలు, మధ్యలో తప్పనిసరిగా ఆగవలసిన మునకలు చేసినవారు అంతకంటె చాలా అధిక సమయం విమానం ఎక్కరాదు. ఈ సూచనలు సుమారు 600 నుంచి 2,400 మీటర్ల ఎత్తుకు సమానమైన పీడనానికి ఉద్దేశించినవి.

తిరుమల సముద్రమట్టానికి 850 మీటర్లకు పైబడిన ఎత్తున ఉంది. అక్కడి గాలి పీడనం తీరంలో కంటె సుమారు పదో వంతు తక్కువ. బెంగళూరు అంతకంటె ఎత్తు. హార్స్‌లీ కొండలు 1,200 మీటర్లను మించాయి. కనుక తెరపై విమానం బొమ్మ ఉన్నంత వరకు ఘాట్ రోడ్డు కూడా విమానంతో సమానమే అని భావించాలి. ఉదయం కోవళంలో మునిగి, సాయంత్రానికి అలిపిరి మెట్లు ఎక్కడం రెండు విధాల హానికరం. ఒకటి ఎత్తు, రెండవది శ్రమ. మునక తరువాత కఠిన వ్యాయామం కూడా బుడగలకు దోహదం చేస్తుంది. దర్శనానికి ముందే సమయం ఖరారై ఉంటే, మునకను దర్శనం తరువాతకు మార్చుకోవాలి. యాత్ర ముందు, సముద్రం తరువాత అన్నది తేలికైన నియమం.

ఇంటివారు గుర్తించవలసిన లక్షణాలు

లక్షణాలు చాలావరకు ఆరు గంటలలోపే మొదలవుతాయి. 24 గంటల వరకు, ఎత్తుకు ప్రయాణిస్తే ఆ తరువాత కూడా కనిపించవచ్చు. భుజం, మోచేయి, మోకాలు కీళ్లలో లోతైన నొప్పి, కారణం లేని తీవ్రమైన అలసట, చర్మంపై దురద, మచ్చలు, కాళ్లు చేతులలో తిమ్మిరి, బలహీనత, తల తిరగడం, నడక తడబడటం, మూత్రం రాకపోవడం, ఊపిరి ఆడకపోవడం ప్రధాన లక్షణాలు.

కీలు నొప్పి అనగానే పుత్తూరు కట్టు జ్ఞప్తికి రావడం ఈ ప్రాంతంలో సహజం. అయితే ఈ నొప్పి ఎముకది కాదు. నూనె మర్దన, కాపడం, నొప్పి మాత్ర వేసి నిద్రపుచ్చడం కాలహరణం మాత్రమే. బాధితుని వెల్లకిల పడుకోబెట్టి, లభించినంత త్వరగా శుద్ధ ఆక్సిజన్ అందించాలి. 108కు ఫోన్ చేయాలి. సముద్రం మధ్యలో ఆపద సంభవిస్తే తీరరక్షక దళం వారి 1554 నంబరు ఉంది. స్పృహ ఉండి, వాంతులు లేకపోతే కొంచెం కొంచెంగా నీరు తాగించవచ్చు. నొప్పి తగ్గుతుందని మళ్లీ నీటిలోకి దింపరాదు. ఆక్సిజన్‌తో నొప్పి తగ్గినా ఆసుపత్రికి వెళ్లవలసిందే. అసలు చికిత్స పీడన గదిలో జరుగుతుంది. అది ప్రతి ఆసుపత్రిలో ఉండదు. తమకు అందుబాటులో ఉన్న గది ఎక్కడ, అది డైవర్లను చేర్చుకుంటుందా అని శిక్షణ సంస్థను ముందే అడిగి రాసిపెట్టుకోవాలి.

వైద్యునికి మొదట చెప్పవలసిన మాట ఒక్కటే: నిన్న లేదా ఈరోజు సిలిండర్‌తో సముద్రంలో మునిగారు. ఆ మాట చెప్పకపోతే కాళ్ల తిమ్మిరిని పక్షవాతమనో, అలసటను ఎండదెబ్బ అనో పొరబడే ప్రమాదం ఉంది. డైవ్ కంప్యూటర్‌ను కూడా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఎంత లోతు, ఎంత సేపు, ఎంత వేగంతో పైకి వచ్చారు అనే వివరాలు దాని జ్ఞాపకంలో ఉంటాయి. దాని బ్యాటరీ తీయరాదు, మీటలు నొక్కి పాత లెక్కలు చెరపరాదు. బాధితుడు మాట్లాడలేని స్థితిలో ఉన్నప్పుడు జరిగినదానికి సాక్ష్యం ఆ పరికరమే.

కొనుగోలు, భద్రత

రిచీ స్ట్రీట్‌లోనో బర్మా బజారులోనో కనిపించే సాధారణ గడియారంపై 50 మీటర్ల జలనిరోధకం అని ఉన్నంత మాత్రాన అది మునకకు పనికిరాదు. వాన, చేతులు కడగడం, మామూలు ఈత వరకే దాని హామీ. నత్రజని లెక్క చేయగల ఖరీదైన స్మార్ట్ వాచీలు కొన్ని ఇప్పుడు ఉన్నాయి. అయితే కొన్నవారు వాటి లోతు పరిమితిని, అవసరమైన అప్లికేషన్‌ను తెలుసుకొని ఉండాలి. పాత పరికరం కొనేటప్పుడు బ్యాటరీ గది తెరిచి తుప్పు, పచ్చని మరకలు ఉన్నాయేమో చూడాలి. తయారీదారు సర్వీసు ఇంకా లభిస్తున్నదా, వినియోగ పుస్తకం ఉన్నదా అని విచారించాలి. మొదటిసారి లోతు తక్కువ చోట, మరొక నమ్మకమైన కంప్యూటర్ పక్కన పెట్టి సరిచూసుకోవాలి.

ప్రతి మునక తరువాత మంచి నీటిలో నానబెట్టి, నీడన ఆరబెట్టడం ఆయుష్షును పెంచుతుంది. ఎండలో నిలిపిన కారు అద్దం వద్ద వదిలితే తెర నల్లబారవచ్చు, బ్యాటరీ దెబ్బతినవచ్చు. నెలల తరబడి వాడకపోయినా అప్పుడప్పుడు తీసి చూడాలి. చార్జింగ్ అవసరమైన రకాలను పూర్తిగా ఖాళీ కానివ్వరాదు.

మునకకు వెళ్లే ముందు ఇంటివారికి మూడు సంగతులు చెప్పి వెళ్లడం మంచి అలవాటు: ఎక్కడ దిగుతున్నారు, ఎవరి ఆధ్వర్యంలో దిగుతున్నారు, ఎప్పుడు తిరిగి వస్తారు. తిరిగి వచ్చాక ఇంటివారు అడగవలసినది మరొకటి ఉంది: ఆ పరికరంలో విమానం బొమ్మ ఇంకా ఉన్నదా? ఉన్నట్లయితే ఆ రాత్రి విశ్రాంతి, నీళ్లు, ఇంటివారి కనిపెట్టు అవసరం. కొండ ప్రయాణం ఆ బొమ్మ తొలగిన తరువాతనే.